గవరయ్య ఇంట్లో నల్లుల మందు

గుమ్మడిపేట మొత్తం మీద తెలివనేది ఉంటే అది గవరయ్య ఇంట్లోనే ఉందని ఒక గట్టి నమ్మకం ఉండేది. ఆ నమ్మకం ఊళ్ళో ఎవరికీ లేదు. గవరయ్యకి ఉంది, అతని భార్య పేరంటాలుకి ఉంది, అతని తమ్ముడు సింహాలుకి ఉంది. ముగ్గురికి ఉంటే చాలదా?

"మన తెలివిని చూసి ఊరు కుళ్ళుకుంటోందిరా తమ్ముడూ" అనేవాడు గవరయ్య. "కుళ్ళితే కంపు కొట్టాలి కదా అన్నయ్యా, నాకేం రావడం లేదే?" అని ముక్కు ఎగబీల్చేవాడు సింహాలు. ఊరికి వెళ్ళాల్సి వస్తే తలుపుకి రెండు తాళాలు వేసి, రెండు తాళంచెవులూ పక్కనే మేకుకి తగిలించి వెళ్ళేవాళ్ళు. ఎందుకంటే, దొంగ వస్తే తాళాలు పగలగొట్టి పాడుచేస్తాడని. అంత ముందుచూపు!

సింహాలుకి కొత్తగా పెళ్ళయింది. పెళ్ళాం పేరు నూకరత్నం. గళ్ళున నవ్వే పిల్ల. ఆ పిల్ల నవ్వితే సింహాలుకి చేతిలో పని జారిపోయేది. అలా జారి ఇప్పటికి రెండు కుండలు పగిలాయి. అలాంటి పిల్ల నెలా పదిరోజులు కాపురం చేసి, ఒకనాడు పొద్దున్నే చేతులూ మెడా బరుక్కుంటూ పెట్టె సర్దేసింది.

"ఎక్కడికి రత్నం?" అన్నాడు సింహాలు గాభరాగా.

"మా అమ్మ దగ్గరికి. ఈ ఇంట్లో మనుషులు నలుగురు, నల్లులు నాలుగు వేలు. మంచంలో నల్లి, బొంతలో నల్లి, చివరికి దువ్వెనలో కూడా నల్లి! నన్ను పీల్చి పిప్పి చేశాయి. ఈ ఇంట్లో నల్లి అన్నది ఉన్నన్నాళ్ళూ నేను ఈ గడప తొక్కను!"

అంతే. పెట్టె నెత్తిన పెట్టుకుని చరచరా వెళ్ళిపోయింది. సింహాలు అరుగు మీద కూలబడ్డాడు. గవరయ్య గడ్డం కింద చెయ్యి పెట్టుకుని ఆలోచించాడు. ఆలోచించి ఆలోచించి లేచాడు.

"ఒరే తమ్ముడూ, మరదలు ఏమంది? ఇంట్లోకి రానందా?"

"అనలేదు."

"నిన్ను వద్దందా?"

"అనలేదు."

"మరేమంది? గడప తొక్కనంది. అంటే చిక్కంతా ఎక్కడుంది?"

"గడపలో!" అన్నాడు సింహాలు, కళ్ళు తుడుచుకుంటూ. "గడపే లేకపోతే తొక్కే పనే లేదు!"

ఇంకేముంది, గునపం తెచ్చారు. తాతల నాటి టేకు గడప. వారం వారం పేరంటాలు పసుపు రాసి బొట్లు పెట్టే గడప. మధ్యాహ్నానికల్లా ఊడబెరికి పెరట్లో పారేశారు. గుమ్మం ముందుపళ్ళు ఊడిన నోరులా తయారైంది. సింహాలు తువ్వాలు భుజాన వేసుకుని అత్తగారి ఊరికి ఒక్క పరుగు పెట్టాడు.

నూకరత్నం వాకిట్లో గోంగూర ఏరుతోంది.

"రత్నం! వచ్చెయ్! గడప పీకేశాం. ఇప్పుడు నువ్వు తొక్కాలన్నా తొక్కలేవు!"

గోంగూర కట్ట చేతిలోంచి జారింది. "గడప పీకారా? మరి నల్లులు?"

"అవి క్షేమంగానే ఉన్నాయి. నువ్వు వచ్చేశాక పాపం కాస్త చిక్కాయి."

నూకరత్నం నెత్తి మీద చెయ్యి పెట్టుకుంది. ఏడవాలో నవ్వాలో తెలియక జారిన గోంగూర కట్ట తీసి పక్కన పెట్టింది. తర్వాత నెమ్మదిగా, పసిపిల్లాడికి చెప్పినట్టు చెప్పింది.

"ఇదిగో, వినండి. పట్నంలో జోగినాయుడు గారని ఉన్నారు. నల్లులకీ బొద్దింకలకీ చెదలకీ మందు కొడతారు. ఆయన్ని పిలవండి. మీ సొంత తెలివి మాత్రం వాడకండి. ఆయన ఏం చెబితే అది, చెప్పింది చెప్పినట్టు, పొల్లు పోకుండా చేయండి. గురువారం వస్తాను. ఒక్క నల్లి కనిపించినా వచ్చిన కాలితోనే వెనక్కి పోతాను. మళ్ళీ నా ముఖం చూడరు."

సింహాలు తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. "పోనీ... వీపైనా చూడనిస్తావా?" అన్నాడు.

"వెళ్ళండి!" అంది నూకరత్నం.

దారంతా సింహాలు ఒకటే మాట వల్లించుకుంటూ వచ్చాడు. చెప్పింది చెప్పినట్టు, చెప్పింది చెప్పినట్టు. ఇంటికొచ్చి అన్నకీ వదినకీ చెప్పాడు. "మన తెలివి వాడొద్దందా?" అని పేరంటాలు కాస్త నొచ్చుకుంది. గవరయ్య మాత్రం పెద్దమనిషిలా తల ఊపాడు. "పోనీలే. ఈ నాలుగు రోజులూ వాడకుండా దాచి ఉంచుదాం. పండక్కి పనికొస్తుంది."

మంగళవారం పొద్దున జోగినాయుడు మోటారుసైకిలు మీద దిగాడు. వీపున మందు డబ్బా, చేతిలో గొట్టం, ముక్కుకి గుడ్డ. ఆయన్ని చూడగానే పేరంటాలు మంచినీళ్ళిచ్చి, అసలు సంగతి అడిగింది.

"బాబూ, ఈ మందు పరగడుపున వేసుకోవాలా, భోజనమయ్యాకా?"

"ఎవరమ్మా?"

"నల్లులు."

జోగినాయుడు ఆమె ముఖం వైపు చూశాడు. వేళాకోళం కాదు, నిజంగానే అడుగుతోంది. "ఎప్పుడైనా పర్లేదమ్మా" అన్నాడు.

"అయితే భోజనమయ్యాకే ఇద్దాం. ఖాళీ కడుపున మందు పడితే వేడి చేస్తుంది" అంది పేరంటాలు.

"వాటి భోజనం మనమే కదే" అన్నాడు గవరయ్య.

"అవును కదూ! పోనీ, ఈ పూట కాస్త ఎక్కువ సేపు పడుకుందాం."

జోగినాయుడు ఇల్లంతా తిరిగి చూశాడు. ఇరవయ్యేళ్ళుగా ఈ పని చేస్తున్నవాడు కూడా ఆ నులకమంచం తిరగేసి రెండడుగులు వెనక్కి వేశాడు. నులక మధ్య నల్లులు తిరునాళ్ళకి వచ్చిన జనంలా కిటకిటలాడుతున్నాయి.

"చూడండి, నేను చెప్పేది జాగ్రత్తగా వినండి" అన్నాడు. ముగ్గురూ చేతులు కట్టుకుని వరసలో నిలబడ్డారు. "ఒకటి. ఈ మంచం ఉంది కదా, దీని నాలుగు కోళ్ళకీ ఈ రోజే కిరసనాయిలు బాగా పట్టించండి. రెండు. ఎక్కడ సందు కనపడినా మూసేయండి. చిన్న సందే కదా అని వదిలేయకండి, ఇవి సందుల్లోంచే వస్తాయి, సందుల్లోంచే పోతాయి. మూడు. నల్లి కంట పడిందా, ఆలోచించకండి, అక్కడే నలిపేయండి. ఇక నాలుగోది అన్నిటికన్నా ముఖ్యం. రేపు పదింటికి వచ్చి మందు కొడతాను. గట్టి మందు. నేను వచ్చేసరికి ఇంట్లో ప్రాణమున్నది ఒక్కటీ ఉండకూడదు. పొరపాటున ఏదైనా లోపల ఉండిపోతే ఇక బతకదు. ఆ పాపం మీదే."

"పొల్లు పోదు నాయుడు గారూ" అన్నాడు సింహాలు.

ఆయన వెళ్ళిపోగానే పని మొదలైంది. ముందు కోళ్ళు.

"మంచానికి కోళ్ళెక్కడివి మామా?" అంది పేరంటాలు.

గవరయ్యకి తెలివి వాడొద్దన్న సంగతి గుర్తుంది, కానీ అది ఆగితేగా! "మన కోళ్ళు ఎండపూట ఎక్కడ పడుకుంటాయి? ఈ మంచం కింద. మంచం కింద పడుకునే కోళ్ళు మంచం కోళ్ళు కాక మరేమవుతాయి?"

పేరంటాలు, సింహాలు ఆ మాటకి అబ్బురపడిపోయారు. కానీ వాళ్ళకున్నవి మూడే కోళ్ళు. ఆయనేమో నాలుగు కోళ్ళకీ అన్నాడు. చెప్పింది చెప్పినట్టు చేయాలి కదా! సింహాలు గోడ దూకి పక్కింటి బోడెమ్మ పుంజుని పట్టుకొచ్చాడు. ఇంకేముంది, ఒకరు కాళ్ళు పట్టుకుంటే ఒకరు రెక్కలు పట్టుకున్నారు, పేరంటాలు గుడ్డ ముంచి తోక నుంచి ముక్కు దాకా కిరసనాయిలు పట్టించింది. నాలుగూ కొక్కొరోమని గడప లేని గుమ్మంలోంచి బయటపడి ఊరి మీద పడ్డాయి. పుంజు నేరుగా వెళ్ళి టీకొట్టు పొయ్యి పక్కన వాలబోయింది. టీకొట్టు పెంటయ్య కాగుతున్న పాలు వదిలేసి, బిందెడు నీళ్ళు పుంజు నెత్తిన కుమ్మరించి, దాన్ని చంకలో పెట్టుకుని బోడెమ్మ ఇంటికి పరిగెత్తాడు.

"నా పుంజు ఇలా దీపం బుడ్డి వాసన కొడుతోందేవిట్రా!" అని బోడెమ్మ రాగం తీసింది.

"ఊరికే చేశాం పిన్నీ, డబ్బులేం వద్దు" అన్నాడు గవరయ్య గోడ ఇవతల నుంచి.

తర్వాత సందులు. గుమ్మడిపేటలోకి వచ్చే దారులు మొత్తం మూడు సందులే. పాలకేంద్రం సందు, కుమ్మరోళ్ళ సందు, బడి సందు. చిన్న సందని వదిలేయొద్దన్నాడు కాబట్టి బడి సందుతో మొదలుపెట్టారు. దానికి అడ్డంగా ముళ్ళకంప. కుమ్మరోళ్ళ సందుకి పొయ్యిలోకని కొట్టి ఉంచిన తుమ్మ మొద్దులు. పాలకేంద్రం సందు వెడల్పు ఎక్కువ. దానికి తమ ఎడ్లబండి అడ్డం పెట్టి, చక్రాలు ఊడదీసి ఇంటికి తెచ్చేసుకున్నారు.

"ఇక నల్లి అన్నది ఊళ్ళోకి ఎలా వస్తుందో చూస్తాను!" అన్నాడు గవరయ్య చేతులు దులుపుకుంటూ.

నల్లి సంగతి ఏమో గానీ, పాలవాళ్ళు రాలేకపోయారు, బడి పంతులమ్మ రాలేకపోయింది, మేతకి పోయిన గేదెలు ఊరి బయటే నిలబడి అరిచాయి. సర్పంచి కుమ్మరోళ్ళ సందు మొద్దులెక్కి దిగబోయి పంచె చింపుకున్నాడు.

ఇక మూడోది, నల్లి కంట పడితే నలిపేయడం. ఆ పని సింహాలు తానే తీసుకున్నాడు. పెళ్ళాం నాది, కన్ను కూడా నాదే ఉండాలన్నాడు. మంచం కింద వెల్లకిలా పడుకుని, కుడికన్ను వేళ్ళతో విప్పి పట్టుకుని ఎదురుచూశాడు. నల్లులు ముక్కు మీద పడ్డాయి, చెవిలో పడ్డాయి, నోట్లో కూడా ఒకటి పడింది. వాటిని ఏమీ అనలేదు. కంట పడితేనే కదా నలపమన్నది! పడుకున్నంతసేపూ నూకరత్నమే గుర్తొచ్చింది. ఈపాటికి గోంగూర పచ్చడి చేసి ఉంటుంది. దాంట్లో ఉల్లిపాయ వేసుకుందో లేదో. ఇక్కడైతే మొదటి ముద్ద నాకు పెట్టేది. అలా అనుకునేసరికి కంట్లో నీళ్ళు తిరిగాయి, సరిగ్గా ఆ తడిలో టప్పున ఒక నల్లి పడింది. అంతే! "పడింది, కంట పడింది!" అని అరుస్తూ సింహాలు రెండు చేతులతో కన్ను నలిపాడు, నలిపాడు, వంద లెక్కపెట్టేదాకా నలిపాడు. నల్లి మొదటి నలుపుడికే దిగి వెళ్ళిపోయింది. కన్ను మాత్రం పొద్దుగూకేసరికి బొబ్బట్టులా పొంగింది.

బుధవారం తెల్లారింది. నాలుగోది మిగిలింది. ఇంట్లో ప్రాణమున్నది ఒక్కటీ ఉండకూడదు.

ముందు మేకని బయటికి తోలారు. పిల్లిని బుట్ట కింద మూశారు. తర్వాత ముగ్గురూ వాకిట్లో నిలబడి లోపలికి చూశారు.

"అయిపోయినట్టేనా?" అంది పేరంటాలు.

సింహాలు ఒంటికన్నుతో ఆలోచించాడు. "వదినా, నల్లికి ప్రాణముందా?"

"లేకపోతే కుడుతుందా?"

ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. "లోపల ఉండిపోతే బతకదు, ఆ పాపం మీదేనన్నాడు" అని గవరయ్య చెంపలేసుకున్నాడు. "పదండి, పదండి, పదింటికల్లా వచ్చేస్తాడు!"

ఇంకేముంది, ఇల్లు మూడు మూలల నుంచీ మొదలెట్టారు. పేరంటాలు వేలు తడిచేసుకుని నల్లుల్ని ఒక్కొక్కదాన్నే అద్ది ఇత్తడి చెంబులోకి దించింది. మంచంవి ఒక చెంబులో, బొంతవి ఒక చెంబులో, దువ్వెనలోవి కుంకుమ భరిణెలో. గవరయ్య బొద్దింకల వెంట నేల మీద పాక్కుంటూ కుండలోకి తోలాడు. సింహాలు బెల్లం ముక్క దారానికి కట్టి ఈడ్చుకుంటూ చీమల్ని బారుగా వాకిట్లోకి నడిపించాడు. బల్లి ఒకటి రానని మొండికేస్తే గవరయ్య చేతులు జోడించి బతిమాలాడు. తలుపు చెక్కలో చెదలున్నాయి. వాటిని వేరు చేయలేక తలుపే ఊడదీసి బయట పెట్టారు. అన్నిటి మీదా మూతలు పెట్టి, ఎండ తగలకుండా తడిగుడ్డ కప్పారు.

పదిన్నరకి జోగినాయుడు వచ్చాడు, నడిచి. మోటారుసైకిలు ఎడ్లబండి అవతల వదిలేసి, మందు డబ్బాతో బండెక్కి దూకి, మోకాలు చెక్కు లేచి కుంటుకుంటూ.

"ఎవడయ్యా దారులన్నీ మూసిందీ?"

"మేమే" అన్నాడు గవరయ్య సంబరంగా. "మూడు సందులూ మూసేశాం, చిన్నదని వదల్లేదు."

జోగినాయుడు చెక్కు లేచిన మోకాలు తుడుచుకున్నాడు. అప్పుడే కిరసనాయిలు ఓడుతూ కోడొకటి ఆయన కాళ్ళ మధ్య నుంచి వెళ్ళింది. సింహాలు కన్ను కనపడింది. ఆయనకి సంగతి కొంత అర్థమైంది. అర్థమైన కొద్దీ ఇంకేమీ అడగబుద్ధి కాలేదు.

"కనీసం ఇంట్లో ప్రాణమున్నవి లేకుండా చేశారా?"

"ఒక్కటి లేదు నాయుడు గారూ. అన్నీ బయటే ఉన్నాయి. చంటిపిల్లల్ని ఎత్తుకున్నట్టు ఎత్తుకొచ్చాం."

జోగినాయుడు మేకని చూశాడు, బుట్ట కింద పిల్లిని చూశాడు. చెంబులు చూసి వంటసామాను అనుకున్నాడు. "హమ్మయ్య, ఇదొక్కటీ సరిగ్గా చేశారు" అని లోపలికెళ్ళి గోడలకీ, వాసాలకీ, మంచాలకీ తడిసి ముద్దయ్యేలా మందు కొట్టాడు. బయటికొచ్చి ముక్కు గుడ్డ విప్పుతూ చెప్పాడు. "నాలుగు గంటలు ఆగండి. తర్వాత బయట పెట్టినవన్నీ తీసుకెళ్ళి ఎక్కడివక్కడ జాగ్రత్తగా పెట్టుకోండి. రేపొకసారి వచ్చి చూసి పోతాను."

నాలుగు గంటలు ఆగారు. ఆ తర్వాత ఎక్కడివక్కడ పెట్టడం మొదలెట్టారు.

అది తేలికైన పని కాదు. "ఇది నా మంచంలోది" అంటాడు గవరయ్య. "కాదు, నా బొంతలోది, దీని నడక నాకు తెలుసు" అంటుంది పేరంటాలు. ఒక చెంబు ఒలికి మంచంవీ బొంతవీ కలిసిపోతే గంటసేపు తగువు నడిచింది. సింహాలు మాత్రం కుంకుమ భరిణె పట్టుకుని గుమ్మంలోనే నిలబడ్డాడు. రేపు రత్నం వస్తుంది. ఒక్క నల్లి కనిపించినా వెనక్కి పోతానంది. తానేమో వాటిని దువ్వెనలో వరసగా కూర్చోబెట్టబోతున్నాడు. ఎక్కడో ఏదో తేడాగా ఉందని అతనికి మొదటిసారి అనిపించింది.

"అన్నయ్యా, ఇవి లేకుండా ఉండాలనే కదా ఇదంతా?"

గవరయ్య తమ్ముడి భుజం మీద చెయ్యి వేశాడు. "ఒరే, మరదలే చెప్పింది కదరా, మన తెలివి వాడొద్దని."

నిజమే. సింహాలు కళ్ళు మూసుకుని, ఉన్న ఒక్కటీ కూడా మూసుకుని, భరిణె దువ్వెన మీద ఒంపేశాడు.

గురువారం పొద్దున్నే పేరంటాలు గొల్లుమంది. అన్నదమ్ములు పరిగెత్తుకొచ్చారు. చూస్తే ఏముంది, మంచం నిండా, బొంత నిండా, దువ్వెన పళ్ళ మధ్యా నల్లులు కాళ్ళు పైకెత్తి పడి ఉన్నాయి. బొద్దింకలు వరసలో వెల్లకిలా ఉన్నాయి. గోడలకి అంటిన మందు తన పని తాను చేసుకుపోయింది. పేరంటాలు కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. "మనల్ని నమ్మి లోపలికొచ్చాయి మామా! బయటే హాయిగా ఉండేవి." గవరయ్య కూడా కళ్ళు ఒత్తుకుని, చీపురు తెచ్చి, మెల్లిగా ఊడ్చాడు.

సరిగ్గా అప్పుడే నూకరత్నం నెత్తిన పెట్టెతో ఎడ్లబండెక్కి దిగి, కోళ్ళని దాటుకుని, తలుపు లేని, గడప లేని గుమ్మం ముందు నిలబడింది. పెట్టె సింహాలు చేతికిచ్చి, ముందు నేల చూసింది. మంచం తిరగేసింది. నులక వేళ్ళతో విప్పి చూసింది. దువ్వెన దులిపింది. ఒక్క నల్లి లేదు!

"ఏం చేశారు?" అంది నమ్మలేక.

సింహాలు మొదటి నుంచీ చెప్పాడు. కోళ్ళు, సందులు, కన్ను, చెంబులు. చెబుతుంటే నూకరత్నం మొదట గోడకి చేరబడింది, తర్వాత కూర్చుంది, చివరికి కడుపు పట్టుకుని నేల మీద పడి దొర్లింది. ఆ గళ్ళున నవ్వు విని సింహాలు చేతిలో పెట్టె జారి ఆమె బొటనవేలి మీద పడింది. అయినా నవ్వాపలేదు. నవ్వి నవ్వి లేచి, తడిగుడ్డ తెచ్చి అతని కంటికి అద్దింది.

"నా కోసం కన్ను పోగొట్టుకుంటారా ఎవరైనా?"

"పోలేదు రత్నం, లోపలే ఉంది" అన్నాడు సింహాలు.

ఆ మధ్యాహ్నం జోగినాయుడు వచ్చి ఇల్లంతా చూసి తృప్తి పడ్డాడు. "నా పనికి మూడు నెలల పూచీ. ఈలోపు ఎక్కడైనా ఒక్క నల్లి కనిపించిందనుకోండి, మీరేం చేయకండి. నాకు అప్పజెప్పండి, దాన్ని నేను చూసుకుంటాను" అని గట్టిగా చెప్పి, ఊరు దాటేదాకా వెనక్కి తిరిగి చూడలేదు.

పది రోజులు గడిచాయి. ఒకరోజు నూకరత్నం పిండి ఆడించుకు రావడానికి మరకి వెళ్ళింది. పేరంటాలు ఆమె పుట్టింటి నుంచి తెచ్చుకున్న బట్టల మూట విప్పి ఆరేస్తుంటే మడతలోంచి ఒక నల్లి బయటికొచ్చింది. ఒకే ఒక్కటి. బక్కగా, నీరసంగా ఉంది.

"మీరేం చేయకండి అన్నాడు" అన్నాడు గవరయ్య వెంటనే.

"అప్పజెప్పండి అన్నాడు" అన్నాడు సింహాలు.

"చూసుకుంటానన్నాడు మహానుభావుడు. చచ్చిన వాటి కోసం ఆయన ఎంత బాధపడి ఉంటే ఆ మాట అంటాడు!" అంది పేరంటాలు. ఇంకేముంది, అగ్గిపెట్టెలో దూది పరిచి నల్లిని పడుకోబెట్టింది. దారిలో ఆకలేస్తుందని సింహాలు తన చిటికెనవేలు కాసేపు దానికి అందించాడు. అన్నదమ్ములిద్దరూ పట్నం బస్సెక్కారు.

"రెండు పెద్ద టికెట్లు, ఒక అర టికెట్టు" అన్నాడు గవరయ్య.

"అర టికెట్టు ఎవరికి?" అన్నాడు కండక్టరు చుట్టూ చూస్తూ.

"అగ్గిపెట్టెలో పడుకున్నాడు. లేపకండి."

జోగినాయుడి ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళేసరికి మధ్యాహ్నం రెండయింది. ఆయన భార్య వీధరుగు మీద బియ్యం ఏరుతోంది. "భోంచేసి ఇప్పుడే పడుకున్నారు, లేపమంటారా?" అంది.

"వద్దమ్మా, వద్దు" అన్నాడు గవరయ్య. "ఆయన చూసుకుంటానన్న మనిషిని తీసుకొచ్చాం, అంతే. పక్కన పడుకోబెట్టి వెళ్ళిపోతాం."

ఆవిడకి ఏమీ అర్థం కాలేదు. అర్థమయ్యేలోపు ఇద్దరూ లోపలికి వెళ్ళి వచ్చేశారు. పరుపు మీద జోగినాయుడు చొక్కా లేకుండా గుర్రు పెడుతున్నాడు. సింహాలు అగ్గిపెట్టె తెరిచి, నల్లిని ఆయన వీపు పక్కన మెత్తగా దించి, దిండు కాస్త సర్ది, దాని చెవిలో చెప్పాడు. "ఈయన మంచివాడు. అల్లరి చేయకుండా పెట్టింది తిను."

వీధి చివర దాకా వచ్చారో లేదో, వెనక నుంచి "అమ్మో, నల్లి! నా పరుపులో నల్లి!" అని జోగినాయుడి కేక ఇంటి కప్పు ఎగిరేలా వినిపించింది. సింహాలు చప్పున ఆగిపోయాడు.

గవరయ్య ఆగలేదు. తువ్వాలు దులిపి భుజాన వేసుకుంటూ నిశ్చింతగా అన్నాడు, "విన్నావుగా, అప్పుడే పేరు పెట్టి పిలుస్తున్నాడు. పద, బాగా చూసుకుంటాడు."